ఎముకా గుల్లా లేని జీవి రాయిలో ఎలా మిగిలింది? చెరువు బురద దగ్గర మొదలైన అనుమానం

లంకరైతు (అల్లవరం)

అందరికీ నమస్కారమండి. నేను రొయ్యల చెరువులు చేస్తాను. చదివింది డిగ్రీ దాకానే, అదీ కామర్సు. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ. మొన్న దాని ఫోన్లో ఒక బొమ్మ చూపించింది. కెనడాలో ఏదో కొండ మీద దొరికిన రాతి పలకట. అందులో వేలి గోరంత జీవి, కాళ్లు, మీసాలు, పేగుతో సహా అచ్చుపడి ఉంది. యాభై కోట్ల ఏళ్ల నాటిదంట.

నా అనుమానం ఇదండి. మా చెరువులో రొయ్య చచ్చి అడుగున పడిందంటే, ఎండాకాలంలో ఒకట్రెండు రోజులకే చేత్తో పట్టుకుంటే జారిపోద్ది. ఆనక పైపెంకు ఒక్కటే మిగులుద్ది, అదీ కొన్నాళ్లకి కనపడదు. ఎముకో గుల్లో అయితే రాయిలో ఉండిపోయిందంటే నమ్ముతాను. పేగు ఎలా ఉండిపోయిందండి? బురదలో పూడిపోతే చాలంటే మా చెరువుల అడుగున కావలసినంత బురద ఉంది మరి.

బయాలజీ మాస్టారు (అమలాపురం)

రైతు గారూ, మీ అమ్మాయి చూపించింది బర్జెస్ షేల్ అయ్యుంటుంది. షేల్ అంటే బురద గట్టిపడి పలకలుగా ఏర్పడిన రాయి. బ్రిటిష్ కొలంబియాలో, రాకీ పర్వతాల మీద ఉంది. వయసు సుమారు 50.8 కోట్ల ఏళ్లు. 1909లో చార్లెస్ వాల్కాట్ అనే అమెరికా భూగర్భ శాస్త్రవేత్త కనిపెట్టాడు. తర్వాత ఎన్నో వేసవులు అక్కడే గడిపి 65 వేలకు పైగా నమూనాలు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి చేర్చాడు.

మీ అనుమానం సబబైనదే. చచ్చిన మెత్తటి జీవుల్లో దాదాపు అన్నీ ఆనవాలు లేకుండా పోతాయి. బాగా మిగిలిన చోట్లు ప్రపంచం మొత్తం మీద కొన్నే. ఒక్కసారిగా బురద వచ్చి కప్పెయ్యాలి, ఆ బురదలో ఆక్సిజన్ ఉండకూడదు. ఆక్సిజన్ లేకపోతే కుళ్లు ఆగిపోతుంది. మేం పిల్లలకి చెప్పేది ఇదే.

గోదారోడు77

అంటే ఫ్రిజ్జులో పెట్టిన పులస కూడా కొన్నాళ్లకి శిలాజం అవుద్దన్నమాట. మా బావ దగ్గర ఒకటుంది, కిందటేడు వరదలప్పటిది 😄

రాళ్లపిచ్చి (రాజమండ్రి)

మాస్టారూ, మొదటి ముక్క ఒప్పుకుంటాను, ఆఖరి వాక్యం దగ్గరే పేచీ. ఆక్సిజన్ లేకపోతే కుళ్లు ఆగదండి, కుళ్లబెట్టేవాళ్లు మారతారంతే. గాలి పీల్చే బాక్టీరియా పక్కకి తప్పుకుంటే సల్ఫేట్ వాడుకునేవి దిగుతాయి. సముద్రపు నీళ్లలో సల్ఫేట్‌కి కొదవ లేదు. అదీ అయిపోతే మీథేన్ పుట్టించేవి వస్తాయి. 1988లో పీటర్ అలిసన్ అనే బ్రిటన్ పరిశోధకుడు చచ్చిన జీవుల్ని ఆక్సిజన్ లేని బురదలో ఉంచి చూశాడు. అక్కడా శుభ్రంగా కుళ్లిపోయాయి. గాలి ఆడకపోవడం ఒక్కటే మెత్తటి ఒంటిని ఎంతో కాలం కాపాడలేదని తేల్చాడు.

రుజువు కావాలంటే రైతు గారి చెరువే ఉంది. పట్టుబడి అయ్యాక నీళ్లు తీసేసి అడుగు కెలికితే కోడిగుడ్డు కుళ్లిన కంపు వస్తుందా లేదా? అది హైడ్రోజన్ సల్ఫైడ్. ఆక్సిజన్ లేని చోట కుళ్లు జోరుగా సాగుతోందని ఆ కంపే చెబుతుంది.

లంకరైతు

ఆయ్, వస్తాదండి. ముక్కు పగిలిపోద్ది. దానికి భయపడే కదా జియోలైట్లు, ప్రోబయోటిక్‌లు అని డబ్బులు పోసేది.

మీరు అడిగారని నిన్న ఎండగట్టిన చెరువులో పారతో నిలువుగా ఒక పెళ్ల కోసి చూశాను. పైన పలచగా గోధుమ రంగు పొర. దాని కింద జానెడు మేర కాటుక నలుపు. ఆ నలుపు మధ్యలో అక్కడక్కడా పెన్సిలు లావు సొరంగాలు, వాటి గోడలు మాత్రం తుప్పు రంగు, ఎర్రగా. పురుగులవీ చిన్న పీతలవీ అనుకుంటాను. నల్లమట్టిని గట్టు మీద పడేస్తే సాయంత్రానికి పైన బూడిద రంగుకి తిరిగిపోయింది. రొయ్య మీసం కాదు కదా, ముక్క కూడా కనపడలేదు.

కోరింగ అమ్మాయి (కాకినాడ)

రైతు గారూ, మీ పెళ్లలోనే సగం జవాబుంది. ఆ నలుపు ఇనుప సల్ఫైడ్. బాక్టీరియా వదిలిన సల్ఫైడ్, మట్టిలోని ఇనుము కలిస్తే ఆ రంగు వస్తుంది. గాలి తగలగానే విరిగిపోతుంది, అందుకే గట్టు మీద బూడిదరంగు అయింది. సొరంగాల గోడలు ఎర్రగా ఉన్నాయంటే పురుగు తనతో పాటు ఆక్సిజన్ ఉన్న నీళ్లని లోపలికి లాక్కెళ్లి ఇనుముకి తుప్పు పట్టించిందన్నమాట.

నేను మడ అడవుల్లో తిరిగేదాన్ని కాబట్టి ఈ పక్క నుంచి చెబుతాను. కోరింగలో తెల్లమడ చెట్ల కింద పాటు నీళ్లు తీశాక నడిస్తే అడుగు తీసి అడుగు వేసే లోపల పీత బొరియలే. మట్టిని రాత్రింబగళ్లు కిందా మీదా చేస్తుంటాయి. శవం పూడినా వెతికి తినేస్తాయి, తినకపోయినా గాలి తగిలేలా చేస్తాయి. బురదలో ఇలా లోతుగా తవ్వే జీవాలు కేంబ్రియన్ కాలం (బర్జెస్ జీవులు బతికిన కాలం) మొదట్లో చాలా తక్కువ. మెత్తటి జీవుల శిలాజాలు ఆ రోజుల నుంచి అంత ఎక్కువగా దొరకడానికి అదొక కారణం. అప్పటి సముద్రంలో సల్ఫేట్ ఇప్పటికంటే తక్కువని, అందువల్ల బురదలో కుళ్లు మందగించిందని కూడా ఒక వాదన ఉంది.

రాళ్లపిచ్చి

ఔను, 2012లో వచ్చిన వాదన అది. దాంట్లోనే ఇంకో ముక్క ఉంది. బర్జెస్‌లోనూ, చైనా యునాన్‌లోని చెంగ్జియాంగ్‌లోనూ (అది ఇంకా పాతది, దాదాపు 51.8 కోట్ల ఏళ్లు, 1984లో దొరికింది) శిలాజాలున్న పొరల పైభాగంలో కాల్షియం కార్బొనేట్ చాలా త్వరగా గడ్డకట్టింది. సముద్రం నేలకి మూత పడినట్టే. పైనుంచి సల్ఫేట్ దిగే దారి మూసుకుపోయింది, బాక్టీరియాకి సరఫరా నిలిచిపోయింది. కుళ్లు పూర్తి కాకముందే ఆగిపోయి, ఒంట్లోని కార్బన్ పలచటి పొరగా మిగిలింది. మీ అమ్మాయి చూసిన బొమ్మ ఆ నల్లటి పొరదే.

నాపరాయి (నరసాపురం)

మా ఇంట్లో పాత నాపరాళ్ల గచ్చు ఉందండి. రెండు మూడు పలకల మీద ఫెర్న్ ఆకుల్లాంటివి ఎంత ముచ్చటగా ఉంటాయో. ఆకు కూడా మెత్తటిదే కదా. మరి అవి?

రాళ్లపిచ్చి

అవి ఆకులు కావండి, డెండ్రైట్లు. మాంగనీసు, ఇనుము కలిసిన నీళ్లు రాతి పగుళ్లలోకి ఇంకి, కొమ్మలు కొమ్మలుగా గడ్డకట్టి మిగిలిన మరకలు. ఒకసారి వంగి చూడండి. కొమ్మలన్నీ పలక అంచు నుంచో, ఒక పగులు గీత నుంచో బయల్దేరి లోపలికి పాకుతాయి. ఆకుకి ఉండే నడిమి ఈనె ఉండదు. ఒక కొమ్మ ఇంకో కొమ్మ మీద పడి దాటదు. నిజం ఆకైతే చిరిగినవీ, మడత పడినవీ, ఒకదాని మీద ఒకటి పడినవీ ఉంటాయి.

పెద్దపెద్దవాళ్లు కూడా ఇలాంటి చోట బోల్తా పడ్డారు. భోపాల్ దగ్గర భీంబేట్కా గుహ కప్పు మీద డికిన్‌సోనియా దొరికిందని 2021లో పెద్ద వార్త. డికిన్‌సోనియా అంటే ఎడియాకరన్ కాలపు, అంటే కేంబ్రియన్‌కి ముందు కాలపు, చదునైన జీవి. ఎముకలు, గుల్ల ఏమీ లేవు. ఇంకో బృందం వెళ్లి చూస్తే అది కొండ తేనెటీగల పాత పట్టు రాలిపోగా రాతికి అంటుకున్న మరక! 2023లో అచ్చేశారు. మొదట ప్రకటించినవాళ్లూ ఒప్పుకున్నారు.

గోదారోడు77

యాభై కోట్ల ఏళ్ల జీవి అనుకుంటే తేనెపట్టు. బాగుంది. ఇంకా నయం, పట్టులో ఈగలు లేవు.

బయాలజీ మాస్టారు

రాళ్లపిచ్చి గారూ, ఆక్సిజన్ సంగతి సరేనండి. కానీ కుళ్లు ఎక్కడా ఆగకపోతే అసలు ఏదీ మిగలకూడదు. బర్జెస్‌లో పైన మూత పడిందన్నారు, బాగుంది. మూత పడని చోట మిగిలినవాటి సంగతేమిటి? నిజం డికిన్‌సోనియా ఆస్ట్రేలియా ఇసుకరాయిలో దొరికింది. 1946లో రెగ్ స్ప్రిగ్ ఎడియాకరా కొండల్లో మొదట చూసినవి ఇసుకలో పడ్డ అచ్చులే. ఇసుకలో ఆక్సిజన్ ఆడుతుంది, బురద కంటే ఎక్కువగానే.

రాళ్లపిచ్చి

అసలు ప్రశ్న ఇదండి. నాకు తెలిసినంతలో జవాబు: చాలా చోట్ల కుళ్లే కాపాడింది. వింటానికి తిక్కగా ఉంటుంది.

ఎడియాకరాలో సముద్రం అడుగంతా బాక్టీరియా చాప పరుచుకుని ఉండేది. దాన్ని మేసేవీ తవ్వేవీ చాలా తక్కువ. తుఫానుకి ఇసుక వచ్చి జీవిని చాపతో సహా కప్పేది. చాపలోని బాక్టీరియా కింద ఉన్న శవాన్ని కుళ్లబెడుతూ సల్ఫైడ్ వదిలితే, అది ఇసుకలోని ఇనుముతో కలిసి పైరైట్‌గా (ఇనుప సల్ఫైడ్ ఖనిజం) గట్టిపడి జీవి పైన ఒక ముసుగు కట్టింది. లోపల ఒళ్లు కరిగిపోయేలోగా పైన ఇసుక ఆ ఆకారానికి బిగిసిపోయింది. జేమ్స్ గెహ్లింగ్ 1999లో చెప్పిన వివరణ ఇది. రష్యాలో తెల్ల సముద్రం తీరాన డికిన్‌సోనియాలో మాత్రం ఒంటి పదార్థం కూడా రవ్వంత మిగిలింది. 2018లో దాంట్లో కొలెస్టరాల్ జాడలు పట్టుకుని, అది జంతువేనని తేల్చారు.

కాబట్టి చూడాల్సింది కుళ్లు ఆగిందా లేదా అని కాదు. కుళ్లు మొత్తం తినేసే లోపల దాని రసాయనాలే ఏదో ఒక ఖనిజాన్ని ఆ ఒంటి మీదే, ఆ కండలోనే దింపాయా లేదా అని. పైరైట్ కావచ్చు, ఫాస్ఫేట్, సిడరైట్, సిలికా కావచ్చు. ఖనిజం ముందు దిగితే శిలాజం. లేకపోతే మీ చెరువు అడుగు.

లంకరైతు

మరి మా అడుగున నల్లగా ఇనుప సల్ఫైడ్ దిగుతూనే ఉంది కదండి. రొయ్యకి ఎందుకు పట్టలేదు?

రాళ్లపిచ్చి

మీరు వేసిన మేతే కారణం. తినకుండా మిగిలిన మేత, రెట్ట, చచ్చిన నాచు అడుగంతా పరుచుకుని ఉంటాయి. అంతటా కుళ్లు, అంతటా సల్ఫైడ్, అంతటా నలుపు. ఒక్క రొయ్య చుట్టూ పేరుకోవడానికి ప్రత్యేకంగా కారణం ఏముంది?

అమెరికా న్యూయార్క్ రాష్ట్రంలో బీచర్ ట్రైలోబైట్ పొర అని ఉంది. ట్రైలోబైట్లు అంటే ఎప్పుడో అంతరించిన, పెంకున్న సముద్రపు జీవులు. వాటి మీసాలు, కాళ్లు కూడా పైరైట్‌గా మెరుస్తూ దొరుకుతాయి. అక్కడి బురదలో కుళ్లే సరుకు తక్కువ, కరిగిన ఇనుము ఎక్కువ. బురద మొత్తంలో బాక్టీరియాకి తిండి ఉన్నది ఆ శవాల దగ్గరే. అందుకని పైరైట్ కూడా అక్కడే దిగింది. మురికి తక్కువ ఉన్న చోట శవం బాగా మిగలడం అందుకే.

కోరింగ అమ్మాయి

రొయ్య అనగానే చెప్పాలి. శిలాజాల ప్రయోగాల్లో దానికి పెద్ద పేరే ఉంది. 1990ల్లో డెరెక్ బ్రిగ్స్, అమాండా కియర్ చచ్చిన రొయ్యల్ని సముద్రపు నీళ్ల సీసాల్లో పెట్టి ఎలా కుళ్లుతాయో చూశారు. కొద్ది వారాల్లోనే కొన్నింటి కండ మీద కాల్షియం ఫాస్ఫేట్ దిగింది. మైక్రోస్కోపులో చూస్తే కండ పోగులు పోగులుగా కనిపించేంత సన్నగా. కోట్ల ఏళ్లు కాదు, వారాలు! ఫాస్ఫేట్ బయటి నుంచి పోయలేదు, చాలావరకు ఆ రొయ్య ఒంట్లోదే. గాలి తక్కువగా ఆడిన సీసాల్లో ఇది బాగా జరిగింది.

కారణం పీహెచ్, అంటే పులుపు ఎంతో చెప్పే కొలత; అది తగ్గితే పులుపు పెరిగినట్టు. కుళ్లేటప్పుడు ఆమ్లాలూ కార్బన్ డయాక్సైడూ బయటికి పోలేక శవం లోపలా చుట్టూ పీహెచ్ పడిపోతుంది. నీళ్లలో సున్నం ఎంతున్నా ఆ పీహెచ్‌లో కార్బొనేట్ గడ్డకట్టలేదు, ఫాస్ఫేట్ కడుతుంది. బ్రెజిల్‌లో సంతానా అని ఒక చోటుంది. అక్కడి చేపల కండలు, మొప్పలు ఇలాగే ఫాస్ఫేట్‌గా మిగిలాయి.

లంకరైతు

పీహెచ్ మాకు పొద్దున్నా సాయంత్రం చూసే సంగతేనమ్మా. నీళ్లలో ఎనిమిది దగ్గర ఉండాలని తిప్పలు పడతాం. చచ్చిన రొయ్య ఒంట్లో ఎంతుంటదో ఎప్పుడూ అనుకోలేదు.

కోరింగ అమ్మాయి

దాన్నీ కొలిచారండి, రొయ్యలో కాదు, చేపలో. సీ బాస్ చేపల లోపల ఒక్కో అవయవంలో పరికరం గుచ్చి కుళ్లనిచ్చారు. 2022లో ఫలితం వచ్చింది. అంతకుముందు అందరూ కాలేయం దగ్గర ఒక పీహెచ్, పేగు దగ్గర ఒక పీహెచ్ ఉంటాయని, అందుకే కొన్ని అవయవాలే శిలాజాల్లో మిగులుతాయని అనుకునేవారు. తీరా చూస్తే చర్మం చిట్లే దాకా లోపలంతా ఒకటే పులుసు, పీహెచ్ దాదాపు ఒకటే. కాబట్టి ఏది మిగులుతుందో తేల్చేది ఆ అవయవంలో సహజంగా ఫాస్ఫేట్ ఎంత ఉందన్నదే. కండ, పేగు తరచుగా మిగలడానికి, కొన్ని అవయవాలు అసలు కనపడకపోవడానికి అదే కారణం కావచ్చు.

బయాలజీ మాస్టారు

ఇది నాకు కొత్త విషయమే. క్లాసులో చెప్పడానికి పనికొస్తుంది.

సాగరతీరం (అంతర్వేది)

జెల్లీఫిష్ సంగతి చెప్పండి ఎవరైనా. గాలివానల తర్వాత ఇక్కడ ఒడ్డున తెగ పడతాయి. మధ్యాహ్నానికి ఇసుక మీద తడి మరక, అంతే. నూటికి తొంభై అయిదు పాళ్లు నీళ్లేనట. అవి కూడా శిలాజాలయ్యాయా?

రాళ్లపిచ్చి

అయ్యాయి. అదీ మీరు చెప్పిన విధంగానే, ఒడ్డున పడి. అమెరికా విస్కాన్సిన్‌లో 50 కోట్ల ఏళ్ల నాటి అలల గీతలున్న ఇసుకరాయి మీద వందల కొద్దీ పెద్ద జెల్లీఫిష్‌లు పడినవి పడినట్టు ఉన్నాయి. 2002లో వివరంగా ప్రచురించారు. కొన్నింటి చుట్టూ అవి గింజుకున్నప్పుడు ఎగిరిన ఇసుక గట్టు కూడా కనిపిస్తుంది. అప్పటికి ఒడ్డున వాటిని పొడిచే కాకులు లేవు, లాక్కెళ్లే పీతలు లేవు, ఇసుక తవ్వే జీవాలు దాదాపు లేవు. అంతర్వేదిలో ఈ మూడూ ఉన్నాయి, పైన మన కుక్కలు. ఆశ పెట్టుకోకండి.

చమురుబావి

ఆలస్యంగా చూశాను. చమురు బావుల్లోంచి తీసిన రాతి కడ్డీలు, అంటే కోర్లు, చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను, కాబట్టి డెల్టా ముక్క నాకు వదిలెయ్యండి.

మీరంతా కొండలూ సముద్రాలూ తిరిగారు గానీ మెత్తటి జీవులు దొరికే గొప్ప చోట్లలో ఒకటి అచ్చంగా డెల్టా. అమెరికా ఇల్లినాయిస్‌లో మేజన్ క్రీక్. దాదాపు 31 కోట్ల ఏళ్ల కిందట ఒక పెద్ద నది అక్కడ సముద్రంలో కలిసేది. నది తెచ్చిన బురద, రోజుకి రెండు పోట్లు, చిత్తడి అడవి, మంచినీళ్లూ ఉప్పునీళ్లూ కలిసే ఏర్లు. మనకి తెలిసిన దృశ్యమే. బొగ్గు గనుల్లోంచి తీసి గుట్టలు పోసిన మట్టిలో గుండ్రటి ఇనుపరాయి గడ్డలుంటాయి. సుత్తితో గట్టిగా కొట్టడం కంటే నీళ్లలో నానబెట్టి గడ్డకట్టించి, కరిగించి, మళ్లీ గడ్డకట్టిస్తే కొబ్బరికాయ పగిలినట్టు రెండు చిప్పలవుతాయి. లోపల ఫెర్న్ ఆకు, రొయ్య, పురుగు, ఒక్కోసారి ఏమిటో పోల్చుకోలేనిది.

ఆ పోల్చుకోలేనిదాంట్లో టల్లీ మాన్‌స్టర్ అని ఒకటుంది. ఫ్రాన్సిస్ టల్లీ అనే ఔత్సాహికుడికి 1950ల్లో దొరికింది. 1989లో ఇల్లినాయిస్ రాష్ట్ర శిలాజం అయింది. 2016లో అది వెన్నెముక ఉన్న జాతి అన్నారు, 2023లో కాదన్నారు. తగువు ఇంకా తెగలేదు. అక్కడే వేల కొద్దీ దొరికే జెల్లీఫిష్‌ని కూడా 2023లో తలకిందులు చేసి చూస్తే సీ అనిమోన్ (సముద్రం అడుగున అంటుకుని బతికే, జెల్లీఫిష్ బంధువు) అని తేలింది. ఏళ్ల తరబడి అందరూ బోర్లా పెట్టి చూశారన్నమాట.

లంకరైతు

మరి మేం ఉన్నది డెల్టాయే కదండి. మనకీ ఆ గడ్డలు కడతాయా?

చమురుబావి

అక్కడికే వస్తున్నాను. ఆ గడ్డ సిడరైట్, అంటే ఇనుప కార్బొనేట్. శవం కుళ్లేటప్పుడు వచ్చిన కార్బన్ డయాక్సైడూ, బురదలో కరిగిన ఇనుమూ కలిసి శవం చుట్టూ గడ్డకడుతుంది. కానీ ఒక షరతు ఉంది. అక్కడ సల్ఫేట్ తక్కువ ఉండాలి. సల్ఫేట్ ఉంటే ఇనుమంతా సల్ఫైడే ఎగరేసుకుపోతుంది, పైరైట్ అవుతుంది, కార్బొనేట్‌కి ఇనుము మిగలదు. అంటే నది మంచినీళ్లు గెలిచే చోట సిడరైట్, సముద్రం గెలిచే చోట పైరైట్. మేజన్ క్రీక్ ఈ రెంటికీ మధ్య, మంచినీళ్ల వైపు కాస్త ఒరిగి ఉంది. పైగా బురద చాలా వేగంగా పడింది, తవ్వే జీవాలకి తీరిక దొరకలేదు.

గోదావరికి ఇనుము కొదవ లేదు. దక్కన్ నల్లరాతి నేలల మీదుగా వస్తుంది. కానీ రైతు గారి చెరువు ఉప్పుటేటి నీళ్లది, మడ అడవి పీతలది. పూర్వం వరద ఒక్క రోజులో మందంగా ఒండ్రు దింపేది. ఇప్పుడు పైన ఆనకట్టలూ జలాశయాలూ ఆ ఒండ్రులో చాలా భాగం పట్టేస్తున్నాయి. మొగల దగ్గర తీరం కోసుకుపోవడం మీరంతా చూస్తూనే ఉన్నారు. కొత్త బురద వేగంగా పడకపోతే పూడిక లేదు, పూడిక లేకపోతే శిలాజం లేదు.

ఇంకో సంగతి. మనం నిలబడ్డ డెల్టా నేల, సముద్రమట్టం స్థిరపడిన గత ఆరేడు వేల ఏళ్లలో కట్టినది. చెరువు తవ్వితే దొరికే గుల్లలు పాతవే గానీ రాళ్లు కావు. అసలు రాయి కావాలంటే కిలోమీటర్ల లోతుకి వెళ్లాలి. మా కోర్లలో రాఘవాపురం షేల్ వచ్చినప్పుడు చూడాలి, నల్లగా, పలచగా పొరలు. ఏటవాలుగా వెలుతురు పడితే మొక్కల ముక్కలు కార్బన్ మరకలుగా మెరిసేవి. భూమి పైన అదే షేల్ పశ్చిమ గోదావరి మెట్టలో బయటపడుతుంది. అమ్మోనైట్ల (చుట్ట తిరిగిన గుల్లలో బతికి, అంతరించిన సముద్ర జీవులు) అచ్చులు, ఆకుల అచ్చులు అందులో ఎప్పటినుంచో తెలిసినవే. కృష్ణా గోదావరి బేసిన్‌లో నేలమీది బావుల నూనె, గ్యాసు చాలావరకు పుట్టింది ఆ షేల్‌లోని సేంద్రియ పదార్థం నుంచే. మిగిలినవి శిలాజాలు, మిగలనివి గ్యాసు. నాకు జీతం వచ్చింది మిగలని వాటి వల్లే!

సుబ్బలక్ష్మి (మండపేట)

అమ్మోనైట్ అంటే మా పూజలో ఉన్న సాలగ్రామంలో ఉండేదేనా అండి?

రాళ్లపిచ్చి

ఔనండి. నేపాల్ కాళీ గండకి నుంచి వచ్చే నల్లటి గుండ్రాళ్లు అవే. బురదలో గుల్ల చుట్టూ గడ్డకట్టిన రాయి. లోపల చక్రంలా కనిపించేది అమ్మోనైట్ గుల్ల. ఇందులో ఒక చిత్రం ఉంది. అమ్మోనైట్ గుల్లలు ప్రపంచమంతా లెక్కలేనన్ని దొరికాయి గానీ, వాటిలో కాపురమున్న మెత్తటి జీవి మాత్రం దాదాపు ఎవరికీ దొరకలేదు. జర్మనీ సోల్న్‌హోఫెన్ సున్నపురాతిలో గుల్ల ఊడిపోయి ఒళ్లు మాత్రమే మిగిలిన అమ్మోనైట్ ఒకటుందని 2021లో ప్రచురించారు. అది వార్త అయిందంటేనే ఎంత అరుదో చూడండి.

కోరింగ అమ్మాయి

చమురుబావి గారూ, లోతైన సముద్రం సంగతి కూడా చెప్పండి. మీథేన్ ఊరే చోట.

చమురుబావి

చెబుతానమ్మా. కృష్ణా గోదావరి తీరానికి దూరంగా లోతు నీళ్ల కింద 2006లో గ్యాస్ హైడ్రేట్ల (మీథేన్ చిక్కుకున్న మంచులాంటి పదార్థం) కోసం తవ్వినప్పుడు వంద మీటర్లకి పైగా మందంలో హైడ్రేట్ దొరికింది. అక్కడ మీథేన్ తినే సూక్ష్మజీవుల వల్ల బురదలోనే కార్బొనేట్ గడ్డలు కట్టాయి, మీథేన్ మీద ఆధారపడి బతికిన ఆల్చిప్పల గుల్లలు ఆ గడ్డల్లో చిక్కుకుని దొరికాయి. అవి గుల్లలే, మెత్తటి ఒళ్లు కాదు. కానీ కుళ్లులోంచి పుట్టే వాయువు దగ్గరే రాయి కట్టడం మన సముద్రంలో కూడా జరిగిందని చూపిస్తుంది.

గోదారోడు77

నాకు ఇంకా ఫ్రిజ్జు పులస సంగతి తేలలేదు.

రాళ్లపిచ్చి

తినెయ్యండి.

బయాలజీ మాస్టారు

ఒక సందేహం. ఖనిజం ముందు దిగితే మిగులుతుంది, సరే. కానీ కొన్ని భాగాలు ఖనిజం దిగేలోపలే పోతాయి కదా. మనకి దొరికేది సగం కుళ్లిన జీవే అయితే దాన్ని బట్టి జాతి ఏదని ఎలా చెబుతాం?

రాళ్లపిచ్చి

అదే పెద్ద చిక్కు. లీసెస్టర్ విశ్వవిద్యాలయంలో యాంఫియాక్సస్‌ని (వెన్నెముక జీవులకి దగ్గరి బంధువైన చిన్న సముద్ర జీవి), లాంప్రే (దవడలు లేని చేప) పిల్లల్ని కుళ్లబెట్టి రోజువారీ రాసుకున్నారు, 2010లో వచ్చింది. ఒక జీవి ఫలానా కొత్త గుంపుకి చెందినదని చెప్పే లక్షణాలే ముందు పోతున్నాయి. ఎక్కువ కాలం నిలిచేవి అన్ని తాతముత్తాతల్లోనూ ఉన్న మోటు లక్షణాలు. అంటే సగం కుళ్లిన జీవి నిజంగా ఉన్నదానికంటే పాతకాలపుదిలా కనిపిస్తుంది. టల్లీ మీద తగువు తెగకపోవడానికి ఇది కూడా ఒక కారణం.

అందరూ ఒకే వేగంతో కుళ్లరు కూడా. పురుగు దవడలు, కైటిన్ పెంకు మొండివి. స్క్విడ్ సిరాలోని మెలనిన్ అనే రంగు పదార్థం అంతకంటే మొండిది. ఇంగ్లండులో 16 కోట్ల ఏళ్ల నాటి సిరా సంచిలో మెలనిన్ ఇంకా మెలనిన్‌గానే ఉందని 2012లో పరీక్షించి చూశారు. 19వ శతాబ్దంలో ఎలిజబెత్ ఫిల్పాట్ అనే ఆవిడ లైమ్ రీజిస్ శిలాజ సిరాని నూరి, దాంతోనే శిలాజాల బొమ్మలు గీసింది కూడా.

నాపరాయి

ఇంతకీ రాజమండ్రి చుట్టుపక్కల చూడటానికి ఏమైనా ఉందా? గచ్చు రాళ్లు పోయాయి కదా నాకు.

రాళ్లపిచ్చి

ఉంది, గుల్లలవి. గౌరీపట్నం, కాతేరు వైపు నల్లరాయి క్వారీలున్నాయి. ఆ నల్లరాయి దక్కన్ లావా. పడమటి కనుమల వైపు పుట్టి ఇంత దూరం పారి వచ్చింది. లావా పొరలకీ పొరలకీ మధ్య సముద్రపు సున్నపురాయి ఉంది. డైనోసార్లు పోయిన కాలపు హద్దు, 6.6 కోట్ల ఏళ్ల నాటిది, అక్కడ చదవొచ్చని విదేశాల నుంచి కూడా వచ్చి చూశారు. క్వారీలోకి అడగకుండా వెళ్లకండి, పేలుళ్లు జరుగుతుంటాయి.

మెత్తటిది కావాలంటే అదే లావా మధ్య పొరల కోసం మధ్యప్రదేశ్ ఛింద్వారా ప్రాంతానికి వెళ్లాలి. అక్కడి చెరువుల్లోకి లావా నుంచి సిలికా కరిగి దిగింది, చెకుముకి రాయిగా గడ్డకట్టింది. పూలు, కాయలు, నీటి మొక్కలు కణాలతో సహా ఉన్నాయి. శిలాజ మొక్కల శాస్త్రవేత్త బీర్బల్ సహానీ, రావు కలిసి అక్కడి నుంచి అజొల్లాని వర్ణించారు. మన రైతులు వరిలో వేసే అజొల్లాకి బంధువే. నీటి మీద తేలే అంత లేత మొక్క, ఎండలో గంట పెడితే ముడుచుకుపోయేది, సిలికాలో ఆరున్నర కోట్ల ఏళ్లు నిలిచింది.

లంకరైతు

అజొల్లా మా పశువులకి వేస్తామండి. నమ్మలేకపోతున్నాను.

ఇంకో మాట. మా అమ్మాయి ఈ దారం మొత్తం చదివి సీసాల్లో రొయ్యలు పెట్టి చూస్తానంటోంది. మా బురద ఒక సీసాలో, గోదారి ఇసుక ఒక సీసాలో. ఏం చూడాలో చెప్పండి.

కోరింగ అమ్మాయి

భలే. ఇంకో సీసాలో బురదే వెయ్యమనండి, కానీ చెరువు అడుగుది కాదు, మేత పడనిది, ఏటి ఒడ్డున పైపైది. చెరువు బురద మొత్తం నల్లబడుతుంది. ఏటి బురదలో రొయ్య చుట్టూ మాత్రమే నల్లటి వలయం కడుతుందేమో చూడాలి. రాళ్లపిచ్చి గారు చెప్పిన బీచర్ పొర తేడా అదే. ఒకే రోజు చచ్చిన, ఒకే సైజు రొయ్యలు తీసుకోవాలి. ఒక రొయ్యని గాజుకి ఆనేలా పెడితే బయట నుంచి రోజూ ఫోటో తీయొచ్చు. ముందు ఏది పోతుందో రాసుకోమనండి: కళ్లా, పేగా, మీసాలా, కాళ్ల కీళ్లా. ఫాస్ఫేట్ కంటికి కనపడదు, దానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి. అప్పటికి మిగిలిన కండ ఉంటే కాకినాడ తెమ్మనండి, ఎవరినైనా అడిగి చూస్తాను.

బయాలజీ మాస్టారు

ముట్టుకునేటప్పుడు గ్లవుజులు వేసుకోమనండి. మూతలు గట్టిగా బిగించొద్దు, లోపల గ్యాసు పట్టి సీసా పగులుతుంది. వంటింట్లో మాత్రం పెట్టనివ్వకండి, ఆ కంపుకి మీ ఇంట్లో ఆవిడ రొయ్యల్నీ అమ్మాయినీ కలిపి గుమ్మం బయటికి పంపుతారు.

లంకరైతు

మోటారు షెడ్లో పెట్టాను మాస్టారూ. ఏటి బురదకి రేపు పాటు నీళ్లు తీశాక వెళ్తాం.